డ్రాయింగ్ రాదనుకునేవారికి జెంటాంగిల్: సామాను, గీత, నాలుగు నమూనాలు, ఎక్కడ చెడుతుంది

ప్రశ్న: "నాకు బొమ్మలు గీయడం రాదు. మనసుకు విశ్రాంతిగా ఉంటుందని విని, జెంటాంగిల్ వీడియోలు చూసి ఏ4 కాగితం మీద జెల్ పెన్నుతో మొదలుపెట్టాను. గీతలు వణుకుతున్నాయి, ఇంకు పాకుతోంది, సగంలో ఏం గీయాలో తోచక ఆపేస్తున్నాను. ప్రశాంతత మాట అటుంచి చిరాకు పెరుగుతోంది. ఏం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?"

మీ చేతిలో లోపమేమీ లేదు. కాగితం మరీ పెద్దది, పెన్ను ఈ పనికి తగినది కాదు, ఒక్కసారిగా మీరు తీసుకోవాల్సిన నిర్ణయాలు లెక్కకు మించి ఉన్నాయి. ఈ మూడింటిలో చివరిదే అసలైన చిక్కు. ఏ నమూనా, ఎక్కడ, ఎంత పెద్దది, ఏ రంగు, బాగుందా లేదా అని ప్రతి నిమిషం ఆలోచిస్తుంటే మనసు ఆఫీసులో చేసే పనే ఇక్కడా చేస్తుంది. ఈ పద్ధతిలో విశ్రాంతి నమూనాలోంచి రాదు. ఎంచుకోవాల్సినవి ముందే తగ్గించుకుని, చేతిలో ఉన్న ఒక్క గీత మీద నిలవడంలోంచి వస్తుంది. కింద చెప్పే కొలతలు, సామాను, వరస అన్నీ అందుకోసమే.

జెంటాంగిల్ అనేది అమెరికాలోని మసాచుసెట్స్‌లో రిక్ రాబర్ట్స్, మరియా థామస్ అనే ఇద్దరు 2000ల మొదట్లో రూపొందించిన, చిన్న కాగితపు ముక్కను పెన్నుతో గీసిన నమూనాలతో నింపే పద్ధతి. మరియా అక్షరాలు అందంగా చిత్రించే కళాకారిణి. రిక్ కొన్నేళ్లు సన్యాస జీవితం గడిపినవాడు. ఒక పెద్ద అక్షరం వెనకాల చిన్న చిన్న నమూనాలు నింపుతున్నప్పుడు తనకు కాలమే తెలియడం లేదని ఆమె చెబితే, అది ధ్యానస్థితేనని ఆయన గుర్తుపట్టాడు. ఆ స్థితిని డ్రాయింగు రానివాళ్లు కూడా అందుకునేలా మెట్లుమెట్లుగా విడదీసి పద్ధతిగా పెట్టారు. ఇందులో కాగితపు ముక్కను టైల్ అంటారు, నమూనాను టాంగిల్ అంటారు. జెంటాంగిల్ అనే పేరు వాళ్ల ట్రేడ్‌మార్కు, కాబట్టి ఆ పేరు పెట్టి క్లాసులు, కిట్లు అమ్మబోతే అడ్డొస్తుంది. ఇంట్లో కూర్చుని గీసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

సామాను

వాళ్ల అసలు టైల్ 89 మిల్లీమీటర్ల చదరం, అంటే మూడున్నర అంగుళాలు. అరచేతిలో పట్టేంత. ఆ చిన్నతనం వెనక గట్టి కారణం ఉంది. మణికట్టు ఒక్కచోట ఆనించి మొత్తం టైల్‌ను అందుకోవచ్చు, చేత్తో గుండ్రంగా తిప్పుకోవచ్చు, ఒక్క కూర్చోవడంలో పూర్తవుతుంది. ఏ4 కాగితాన్ని ఇలాంటి సన్నటి పనితో నింపాలంటే గంటలు పడుతుంది. కొత్తవాళ్లు సగంలో ఆపేయడానికి మొదటి కారణం ఇదే.

ఇటలీ ఫాబ్రియానో కంపెనీ వారి నూరు శాతం నూలు కాగితం అసలు టైల్స్‌కి వాడతారు. అది దొరక్కపోయినా ఇబ్బంది లేదు. స్టేషనరీ షాపులో 200 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) దాకా ఉన్న కాగితం అడగండి. ఐవరీ షీటు దొరుకుతుంది, గీత దాని మీద చాలా శుభ్రంగా పడుతుంది. కాకపోతే నునుపు ఎక్కువ కాబట్టి ఇంకు ఆరడానికి కొంచెం సమయం తీసుకుంటుంది, పెన్సిల్ షేడింగు సరిగా పట్టదు. మంచి కార్ట్రిడ్జ్ కాగితం, అంటే డ్రాయింగు కాగితం అయితే 140 జీఎస్ఎం పైనున్నా చాలు, దానికి కాస్త గరుకుతనం ఉంటుంది కాబట్టి షేడింగు బాగా పడుతుంది. రెండిట్లో నన్ను ఎంచుకోమంటే కార్ట్రిడ్జే అంటాను. వాటర్ కలర్ కాగితం కొనేట్టయితే హాట్ ప్రెస్ అని రాసి ఉన్నదే తీసుకోండి. కోల్డ్ ప్రెస్ రకం మీద గుంతలు, మిట్టలు ఉంటాయి. గీత తెగితెగి పడుతుంది, పెన్ను మొన పీచుపీచుగా అయిపోతుంది.

జెరాక్స్ కాగితం 70, 75 జీఎస్ఎం ఉంటుంది. దాని పీచుల్లోకి తడి ఇంకు పాకి, సన్నని గీత కూడా అంచుల్లో వెంట్రుకలు మొలిచినట్టు కనిపిస్తుంది. మీ ఇంకు పాకడానికి కారణం ఈ కాగితమే. మీ చెయ్యి కాదు.

ఏ4 షీటు నుంచి 9 సెంటీమీటర్ల చదరాలు ఆరు వస్తాయి, ఏ3 నుంచి పన్నెండు. ఒకేసారి పన్నెండూ కోసి డబ్బాలో వేసుకోండి. ప్రతిసారీ కాగితం కోసుకోవాల్సి వస్తే అక్కడే బద్ధకం మొదలవుతుంది.

పెన్ను విషయంలో జపాన్ సకురా కంపెనీ పిగ్మా మైక్రాన్ 01 ఈ పనికి ప్రమాణం లాంటిది. దాని ఇంకు పిగ్మెంటుతో చేసింది. ఆరాక నీళ్లు పడ్డా చెదరదు, ఎండకు త్వరగా వెలిసిపోదు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మైక్రాన్ మీద 01 అంటే 0.1 మిల్లీమీటరు కాదు, 0.25. అలాగే 005 అంటే 0.20, 05 అంటే 0.45, 08 అంటే 0.50. వేరే కంపెనీల పెన్నుల మీద సాధారణంగా అసలు మిల్లీమీటర్లే రాసి ఉంటాయి. కాబట్టి స్టెడ్లర్ లాంటి పిగ్మెంట్ లైనర్ కొంటే 0.1 కాకుండా 0.2 గానీ 0.3 గానీ తీసుకోవాలి. మరీ సన్నటి మొన కొత్త చేతిలో త్వరగా వంగిపోతుంది. నల్లగా నింపడానికి 08 ఒకటి ఉంటే మంచిది. 01తోనే పెద్ద ఖాళీలు నింపితే మొన అరిగిపోతుంది.

జెల్ పెన్ను ఎందుకు వద్దంటే, గీత మొదలైన చోట, ఆగిన చోట ఇంకు చిన్న బొట్టుగా నిలుస్తుంది. ఆరేలోపు అరచేయి తగిలితే చెరిగిపోతుంది. నల్ల కాగితం మీద తెల్లగా గీయాలనుకున్నప్పుడు మాత్రం తెల్ల జెల్ పెన్నే గతి. ఇంట్లో బాల్‌పెన్ను తప్ప ఇంకేమీ లేకపోతే దాంతోనే మొదలుపెట్టండి, మధ్యమధ్యలో మొనను పాత గుడ్డతో తుడుస్తూ ఉండండి.

పెన్సిల్ ఒక్కటి చాలు, 2బీ. హెచ్‌బీ నీడలు పాలిపోయినట్టు పడతాయి, 6బీ టైలంతా అంటుకుంటుంది. పెన్సిల్ పొడిని పులమడానికి కాగితం చుట్టి చేసిన పుల్ల ఒకటి కావాలి, ఆర్ట్ షాపుల్లో బ్లెండింగ్ స్టంప్ అంటే ఇస్తారు. లేదంటే చెవుల్లో పెట్టుకునే దూది పుల్లయినా పనికొస్తుంది. వేలితో మాత్రం రుద్దకండి. చర్మం మీది జిడ్డు కాగితానికి అంటి నీడ మచ్చలుమచ్చలుగా వస్తుంది. రబ్బరు ఈ సామానులో లేదు. స్కేలూ లేదు. రెండూ కావాలనే తీసేశారు.

నలభై దాటి దగ్గరి చూపు మసకగా ఉన్నవాళ్లు 12 సెంటీమీటర్ల టైల్, 05 పెన్ను వాడండి. నమూనా అదే, కళ్ల మీద భారం సగం తగ్గుతుంది. కుడిచేత్తో గీసేవాళ్లకు దీపం ఎడమ పక్క ఉండాలి, ఎడమచేతివాళ్లకు కుడి పక్క. లేదంటే గీసే చోటే చేతి నీడ పడుతుంది.

వరస

అసలు పద్ధతిలో ఎనిమిది మెట్లు. చేతిలో కాగితం, పెన్ను ఉన్నందుకు కాసేపు కృతజ్ఞతగా కూర్చోవడం మొదటిది. తర్వాత పెన్సిల్‌తో నాలుగు మూలల్లో, అంచుకు అర సెంటీమీటరు లోపలగా నాలుగు చుక్కలు. వాటిని కలుపుతూ చట్రం. చట్రం లోపల స్ట్రింగ్ అనే ఒక తేలికపాటి పెన్సిల్ గీత. స్ట్రింగ్ చేసిన గదుల్లో పెన్నుతో నమూనాలు. ఆపైన పెన్సిల్ షేడింగు. తర్వాత ముందు పక్క మీ పేరులోని మొదటి అక్షరం, వెనక సంతకం, తేదీ. చివరగా టైల్‌ను చెయ్యి చాచి పట్టుకుని కాసేపు చూడటం. మొదటిది, చివరిది తతంగంలా అనిపించి చాలామంది వదిలేస్తారు. వదలొద్దనే నా సలహా. మొదటి అర నిమిషంలో ఊపిరి నెమ్మదిస్తుంది. చివరి చూపులో దగ్గర్నుంచి కనిపించిన వంకరలు దూరానికి కనిపించడం మానేస్తాయి.

చట్రం గీతలు తిన్నగా ఉండనక్కర్లేదు, కాస్త వంగితేనే బాగుంటుంది. స్ట్రింగ్‌ను మాత్రం ముదురుగా గీయకండి. అది చివరికి షేడింగులో కలిసిపోవాలి. మూడు నాలుగు గదులు వచ్చేలా ఒక పెద్ద మెలిక చాలు. ఎనిమిది గదులు చేస్తే ఒక్కొక్కటీ గోరంత అవుతుంది, నమూనా తిరగడానికి చోటుండదు.

ఒకే గీత ఎలా గీయాలి

అన్ని నమూనాలకూ మూలం ఐదు రకాల స్ట్రోకులే: చుక్క, తిన్నని గీత, సి ఆకారపు వంపు, ఎస్ ఆకారపు వంపు, సున్నా. ఈ ఐదూ మీరు రోజూ రాసే అక్షరాల్లో ఉన్నవే. 'రాదు' అనుకునేవాళ్లకు కూడా వచ్చేసినవే.

గీత వణకడానికి మూడు కారణాలు. ఒకటి, పెన్నును గట్టిగా పట్టుకోవడం. వేలి గోళ్లు తెల్లబడుతుంటే పట్టు ఎక్కువైనట్టే. మొనకు మూడు సెంటీమీటర్ల పైన, ఎవరైనా లాగితే జారిపోయేంత వదులుగా పట్టుకోండి. మైక్రాన్ మొన లోహపు గొట్టంలో ఉండే ప్లాస్టిక్ ముక్క. ఒత్తితే లోపలికి పోతుంది, ఆపైన గొట్టం అంచు కాగితాన్ని గీరుతుంది. పెన్ను బరువే చాలు. రెండు, మోచేయి గాల్లో ఉండటం. మోచేయి, మణికట్టు రెండూ బల్ల మీద ఆనాలి. మూడు, చూపు పెన్ను మొన మీద ఉండటం. మొనను చూస్తూ గీస్తే ప్రతి మిల్లీమీటరుకూ చెయ్యి దిద్దుకుంటూ పోతుంది, ఆ దిద్దుళ్లే వణుకుగా కనిపిస్తాయి. గీత ఎక్కడ ఆగాలో ఆ చోటును చూడండి, చెయ్యి దానంతటదే అక్కడికి వెళుతుంది.

వేగం కూడా చెప్పాలి. రెండు సెంటీమీటర్ల గీతకు సుమారు రెండు సెకన్లు. అంతకంటే చాలా నెమ్మదైతే వణుకు బయటపడుతుంది, వేగమైతే చివర్లో తోకలా సాగి అవతలి గీతను దాటేస్తుంది. పొడుగు గీతను ఊపిరి వదులుతూ గీయండి. చాలామంది తెలియకుండానే ఊపిరి బిగపట్టి గీస్తారు, పది నిమిషాలకు భుజాలు పట్టేయడం అందుకే. చేతికి అనువైన దిశ ఒకటే ఉంటుంది, ఎక్కువమందికి తమవైపు లాక్కునే దిశ. ప్రతి గీతకూ మణికట్టు తిప్పకుండా టైల్‌నే తిప్పండి. దీనికి పైభాగం, కిందిభాగం అంటూ లేవు.

చెయ్యి గ్లాసు పట్టుకున్నా, బటన్ పెట్టుకున్నా కూడా వణుకుతుంటే అది గీతకు సంబంధించిన సమస్య కాదు, డాక్టరుకు చూపించుకోండి.

మొదటి రెండు రోజులు నమూనా జోలికే వెళ్లకండి. ఒక టైల్ నిండా రెండేసి మిల్లీమీటర్ల ఎడంతో పక్కపక్కనే గీతలు, ఇంకో టైల్ నిండా సి వంపులు. ఇది సాధన కోసం మాత్రమే కాదు. కొంతమందికి ఇదే ఎంతో హాయిగా ఉండి, వారాల తరబడి ఇక్కడే ఉండిపోతారు. అందులో తప్పేమీ లేదు.

మొదట నేర్వాల్సిన నాలుగు

క్రెసెంట్ మూన్: గది అంచు పొడుగునా చిన్న అర్ధచంద్రాలు, ఒక్కోటి 4, 5 మిల్లీమీటర్ల వెడల్పు, మధ్య కొంచెం ఎడం ఇస్తూ గీయండి. వాటిని నల్లగా నింపండి. ఇప్పుడు ఒక్కో చంద్రుడి చుట్టూ ఒక మిల్లీమీటరు ఎడంతో మరో వంపు, అంచు నుంచి అంచుకు. పక్క చంద్రుల వంపులు కలిసే చోటికి వచ్చాక, ఆ వంపులన్నీ కలుపుకుంటూ అలలాంటి గీతలు లోపలికి లోపలికి, గది మధ్యకు చేరేదాకా. ఇలా ఒక ఆకారాన్ని వెన్నంటి మరో గీత గీయడాన్ని ఆరా అంటారు. ఇక్కడ చెడేది ఒక్కటే, ఆరాల మధ్య ఎడం క్రమంగా పెరిగిపోవడం. లోపలికి వెళ్లేకొద్దీ త్వరగా ముగించాలన్న తొందర దానికి కారణం.

టిపుల్: రకరకాల సైజుల సున్నాలు ఒకదానికొకటి ఆనించి గది నింపడం, మిగిలిన మూడుమూలల సందులు నల్లగా చేయడం. సున్నా మొదలుపెట్టిన చోటుకి నెమ్మదిగా వచ్చి ముగించాలి. పెద్దవి ముందు, చిన్నవి తర్వాత. తప్పు పడిన ఏ చోటునైనా దాచగల నమూనా ఇది, అందుకే తొందరగా నేర్చుకోమంటాను.

హాలిబా: గదికి అడ్డంగా 4 మిల్లీమీటర్ల వెడల్పున రెండు సమాంతర గీతలతో ఒక పట్టీ. తర్వాత వేరే కోణంలో రెండో పట్టీ, కానీ అది మొదటిదాని వెనక నుంచి పోతున్నట్టు ఉండాలి. మొదటి పట్టీ అంచు దగ్గర ఆగి, పట్టీ దాటి అవతలి అంచు నుంచి మళ్లీ మొదలుకావాలి. అలా ఐదారు పట్టీలు, ప్రతి కొత్తదీ పాతవాటన్నిటికీ వెనకే. చివర మిగిలిన ఖాళీలను నలుపు చేస్తే పట్టీలు పైకి తేలతాయి. అవతలి వైపు గీత పక్కకు జరిగిపోవడం ఇందులో అందరికీ ఎదురయ్యే ఇబ్బంది. పెన్నును పట్టీ అంచు దగ్గర ఎత్తి ఆపేయకండి. అదే ఊపులో పట్టీ మీదుగా గాల్లో నడిపించి అవతల దించండి. చెయ్యి ఆగకపోతే గీత వరస తప్పదు.

నాలుగోది పారడాక్స్. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మనసును కుదురుగా కట్టిపడేసే శక్తి దీనికి ఉన్నంత ఇంకేదానికీ లేదు. అన్నీ తిన్నని గీతలే, కానీ పూర్తయ్యాక వంపులు తిరిగిన సుడి కనిపిస్తుంది. ఒక త్రికోణం గీయండి, ఒక్కో భుజం 5 సెంటీమీటర్ల దాకా. మూలల్ని క, చ, ట అనుకుందాం. క మూల నుంచి బయల్దేరి కచ భుజాన్ని ఒరుసుకుంటూ వెళ్లి, సరిగ్గా చ మూలలో కాకుండా, చట భుజం మీద చ నుంచి 3 మిల్లీమీటర్ల దూరంలో ఆగండి. టైల్‌ను తిప్పండి. ఇప్పుడు ఆగిన చోటి నుంచే బయల్దేరి చట భుజాన్ని ఒరుసుకుంటూ, ట మూలకు 3 మిల్లీమీటర్ల ఇవతల, టక భుజం మీద ఆగండి. మళ్లీ తిప్పండి. అక్కడి నుంచి టక భుజం వెంట, క మూల దగ్గరికి వచ్చి, మొట్టమొదట గీసిన గీత మీద 3 మిల్లీమీటర్లు జరిగి ఆగండి. ఇక్కడి నుంచి ప్రతి గీతకూ తోడుండేది పాత భుజం కాదు, కిందటి చుట్టులో గీసిన గీత. ఆగిన చోటే మొదలు, పక్క గీతను ఒరుసుకుంటూ, తర్వాతి మూలకు కాస్త ఇవతల ముగింపు. మధ్యలో చిన్న త్రికోణం మిగిలేదాకా అదే.

మూడు చోట్ల చెడుతుంది. టైల్‌ను ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పితే ఎక్కడున్నామో తెలియదు, కాబట్టి ఎప్పుడూ ఒకే దిశ. గీత మూలలోకే వెళ్లి ఆగితే సుడి తిరగదు, ఆ 3 మిల్లీమీటర్ల సన్నని ముక్కే సుడిని పుట్టించేది. గీతను వంచితే రూపం మెత్తబడిపోతుంది. వంపు వస్తున్నట్టు కంటికి కనిపించేసరికి చెయ్యి కూడా వంచాలని చూస్తుంది, లొంగకండి. పక్కపక్కనే ఉన్న త్రికోణాల్లో ఒకదాంట్లో కుడివైపు, ఇంకోదాంట్లో ఎడమవైపు తిప్పితే రూపం పూర్తిగా మారిపోతుంది. ఒక చదరాన్ని రెండు కర్ణాలతో నాలుగు త్రికోణాలు చేసి రెండు రకాలూ గీసి చూడండి.

తప్పు పడితే

రబ్బరు లేదు కాబట్టి తప్పు ఉండిపోతుంది. ఉండిపోయినదాన్ని నమూనాలో కలుపుకోవడానికి నాలుగైదు మార్గాలున్నాయి. గీత పక్కకు పోతే దాన్ని కొంచెం లావు చేసి దిద్దండి, మిగతా గీతల్లో కూడా ఒకటి వదిలి ఒకటి లావు చేయండి. ఇంకు బొట్టు పడితే దాన్ని సున్నా చేసి చుట్టూ టిపుల్ నింపండి. నలుపు పొరపాటున పక్క గదిలోకి వెళితే, ఎదురుగా ఉన్న ఇంకో గదిని కూడా నలుపు చేయండి. పారడాక్స్‌లో ఎడం తప్పితే ఏమీ చేయక్కర్లేదు, రెండు చుట్లలో సర్దుకుపోతుంది. ఒక వంకర ఒక్కచోటే ఉంటే తప్పు, మూడుచోట్ల ఉంటే అదీ నమూనాలో భాగమే.

షేడింగు

చప్పగా ఉన్న టైల్‌కు షేడింగుతోనే లోతు వస్తుంది. ఇది ఎప్పుడూ చివర్లోనే. పెన్సిల్ పొడి మీద పెన్ను పెడితే మొనలో పొడి చేరి ఇంకు రావడం ఆగిపోతుంది. పెన్ను పని అయ్యాక రెండు మూడు నిమిషాలు ఆగండి, ఐవరీ షీటైతే ఇంకాసేపు. ఒక పట్టీ ఇంకోదాని కిందికి పోయే చోట, ఆ కిందిపట్టీ మీద, అంచును ఆనుకుని 2 మిల్లీమీటర్ల మేర పెన్సిల్‌తో తేలిగ్గా రుద్దండి. తర్వాత స్టంప్‌తో ముదురు వైపు నుంచి తెలుపు వైపుకు, చిన్న చిన్న సున్నాలు చుడుతూ పులమండి. పారడాక్స్‌లో అయితే సన్నని కొసలన్నీ చేరే మూలల్లో వేయండి. ఒక్కో ఆకారానికి ఒక పక్క మాత్రమే నీడ. రెండు పక్కలా వేసి మధ్యలో కూడా వేస్తే టైలంతా బూడిద రంగులోకి దిగిపోతుంది, అంతసేపు గీసిన గీతలు మునిగిపోతాయి. తెల్లగా వదిలిన చోట్లు ఉంటేనే నీడకు విలువ. స్టంప్ మొన నల్లబడితే గరుకు కాగితం మీద రుద్ది శుభ్రం చేసుకోండి.

మెలికల ముగ్గును కాగితం మీదికి తెచ్చుకుంటే

ముగ్గు వేసే అలవాటున్నవాళ్లకు ఇదంతా కొత్తగా అనిపించదు. చెరపడానికి వీల్లేని గీత, చుక్కల చుట్టూ అదే మెలిక మళ్లీ మళ్లీ, పూర్తయ్యేదాకా మనసు పక్కకు పోకపోవడం. ఇంగ్లీషు పేర్ల నమూనాలు ఇష్టం లేనివాళ్లు నేరుగా మెలికల ముగ్గుతోనే ఈ సాధన చేయొచ్చు. చతురస్రపు గడుల్లో సున్నాలు పెట్టి ఎస్ వంపులతో కలిపే కేడెంట్ అనే టాంగిల్ కూడా చుక్కల ముగ్గు అలవాటున్నవాళ్లకు ఒక్క చూపులో వచ్చేస్తుంది.

9 సెంటీమీటర్ల టైల్ మీద 15 మిల్లీమీటర్ల ఎడంతో సరిచుక్కలు పెట్టండి, వరసకు 4 చుక్కల చొప్పున 5 వరసలు. గీత పక్కపక్క చుక్కల సరిగ్గా మధ్య నుంచి ఏటవాలుగా, 45 డిగ్రీల్లో పోతుంది. అంచు చుక్క దగ్గరికి వచ్చాక దాని బయటి నుంచి వంపు తిరిగి మళ్లీ లోపలికి వస్తుంది. మూల చుక్కను దాదాపు పూర్తిగా చుట్టి వెనక్కి మళ్లుతుంది. లోపల ఎక్కడా దిశ మారదు, మలుపులన్నీ అంచుల్లోనే. ఇలా పోతే ఒకే గీత 20 చుక్కల్నీ చుట్టి, తనను తాను 31 చోట్ల దాటి, మొదలైన చోటికే వస్తుంది.

ఒకే గీతలో వస్తుందా రాదా అన్నది ముందే చెప్పొచ్చు. సరిచుక్కల ముగ్గును ఇలా ఏటవాలు అల్లికగా వేసినప్పుడు, అడ్డం చుక్కల సంఖ్యకు, నిలువు వరసల సంఖ్యకు గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, విడివిడి మెలికలు అన్ని వస్తాయి. 4, 5కు అది 1 కాబట్టి ఒకే గీత. 4, 6 అయితే రెండు మెలికలు. 5, 5 అయితే ఐదు. సందు చుక్కల ముగ్గులకు ఈ లెక్క వర్తించదు. ముందుగా 3 చుక్కలు, 2 వరసలతో మొదలుపెట్టండి. అందులో 7 చోట్లే దాటుడు ఉంటుంది, వేలితో ఒకసారి తిరిగి చూసి తర్వాత పెన్ను పెట్టొచ్చు. గీత చుక్కలు మిగిలి ఉండగానే మొదటికి వచ్చేసిందంటే ఎక్కడో అంచుకు చేరకముందే మలుపు తిరిగారని అర్థం. ప్రతి రెండు చుక్కల మధ్యా గీత రెండుసార్లు దాటిందో లేదో చూసుకుంటే ఆ చోటు దొరికిపోతుంది.

సగంలో తోచకపోవడం గురించి

గీస్తున్నప్పుడు ఎంచుకోవద్దు. వచ్చిన నమూనాల పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేయండి. కూర్చోగానే రెండు చీటీలు తీయండి, ఆ రోజుకు అవే. ఒక టైల్‌లో రెండుకు మించొద్దు. వీడియో చూస్తూ టైల్ గీయొద్దు. ఆపడం, వెనక్కి జరపడం, ఫోను తెర వెలగడం, వీటి మధ్య కుదిరిన కుదురు కూడా చెదిరిపోతుంది. కొత్త నమూనాను రఫ్ కాగితం మీద మెట్లు మెట్లుగా నేర్చుకోండి, ఫోను పక్క గదిలో పెట్టి టైల్ ముందు కూర్చోండి.

ఒక టైల్‌కు ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట పడుతుంది. మొదట్లో పావుగంట దాటాక వేళ్లు బిగుసుకుంటాయి, అక్కడ ఆపేసి మర్నాడు అక్కడి నుంచే కొనసాగించవచ్చు. మధ్యలో వదిలిన టైల్ చెడిపోదు. నిద్రపట్టని రాత్రుళ్లు గీయాలనుకునేవాళ్లు పారడాక్స్ జోలికి వెళ్లకుండా టిపుల్ గానీ ఊరికే గీతలు గానీ పెట్టుకోవాలి, లెక్క చూసుకుంటూ గీసే నమూనా మెదడును మేల్కొలుపుతుంది. ఆందోళన, దిగులు రోజుల తరబడి వదలకపోతే దీన్ని చికిత్స అనుకోకండి. మానసిక వైద్యుల్ని కలవడం ఆపకుండా, దానికి తోడుగా దీన్ని చేసుకోవచ్చు.

రంగులు ఇప్పుడే కొనకండి. ఒక రంగు పెట్టె ఇంట్లోకి వస్తే పన్నెండు నిర్ణయాలు వెంటబెట్టుకొస్తుంది. ఇరవై, ముప్పై టైల్స్ అయ్యాక, కొత్తదనం కావాలనిపిస్తే లేత గోధుమ రంగు కాగితం కొని, నల్ల పెన్నుతో గీసి, వెలుగు పడాల్సిన చోట తెల్ల పెన్సిల్ వాడి చూడండి. ప్రస్తుతానికి ఒక 01 పెన్ను, ఒక 08, ఒక 2బీ పెన్సిల్, ఒక స్టంప్, ఒక ఏ3 కార్ట్రిడ్జ్ షీటు. దుకాణంలో ఇంకేం చూపించినా వచ్చే నెల చూద్దామనండి.